13 గ్రాముల విమానం, ఓరుగల్లు గాలి

రబ్బరు విమానం, అంటే మెలిపెట్టిన రబ్బరు బలంతో ప్రొపెల్లర్ తిరిగే చిన్న మోడల్, పైకి లేవకపోతే అందరి అనుమానం ముందు ప్రొపెల్లర్ మీదికి పోతుంది. తర్వాత రబ్బరు మందం పెంచుతారు. మందం రబ్బరుకు స్టిక్ (విమానానికి నడుంలా ఉండే పుల్ల) వంగుతుంది, వంగకుండా లావు స్టిక్ వేస్తారు, దాన్ని మోయడానికి ఇంకా మందం రబ్బరు కావాల్సి వస్తుంది. ఈ చక్రంలో ఒకసారి పడితే 25 గ్రాముల మోడల్ తయారవుతుంది, అది నాలుగు గజాలు పోయి కూలబడుతుంది. అందుకే పని తూకంతో మొదలుపెట్టాలి. 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ తూకం లేకుండా ఈ పనికి కూర్చోవద్దని నా సలహా. కత్తి కన్నా ముందు కొనాల్సింది అదే.

ఇక్కడ చెప్పేది 45 సెంటీమీటర్ల రెక్క ఉన్న సాదా స్టిక్ మోడల్. బరువు లెక్క ఇలా ఉండాలి: ప్రొపెల్లర్, దాని బేరింగ్, ఇరుసు కలిపి 4 గ్రాములు, రెక్క 3, స్టిక్ 2, తోక రెండు ముక్కలూ కలిపి 1, కొక్కెం, జిగురు అర గ్రాము. రబ్బరు రెండున్నర. మొత్తం 13 గ్రాములు. 15 దాకా పరవాలేదు. 18 దాటితే ఆ మోడల్‌ను ఇంట్లో వేలాడదీసుకుని ఇంకోటి కట్టుకోవడం మేలు.

కట్టె ఎంపిక

ఈ పనికి వాడే తేలిక కట్టె బాల్సా. అది ఎక్కువగా ఈక్వడార్ నుంచి వస్తుంది. 3 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు షీట్లుగా అమ్ముతారు. మనకాడ మామూలుగా ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి, కాబట్టి అమ్మేవాళ్లను షీటు బరువు అడగండి. 1.6 మి.మీ. మందం షీటు 10 నుంచి 12 గ్రాములుంటే రిబ్బులకు (రెక్కకు వంపునిచ్చే అడ్డుముక్కలకు), తోకకు శ్రేష్ఠం. అదే సైజు షీటు 18 గ్రాములుంటే అది గట్టి కట్టె, స్టిక్‌కు, రెక్క ముందు అంచుకు వాడుకోవచ్చు. ఒకే కట్టలోంచి తీసిన రెండు షీట్ల బరువులు ఒకదానికొకటి దాదాపు రెట్టింపు తేడాతో ఉండటం మామూలే.

బరువొక్కటే చూస్తే చాలదు, నార కూడా చూడాలి. షీటును వెడల్పు దిక్కున మెల్లగా వంచండి. గొట్టంలా సులువుగా చుట్టుకుంటే అది ఏ-రకం, వంకర తిరిగే చోట్లకు పనికొస్తుంది. వంగకుండా పటుక్కుమనేలా ఉండి, పైన చేప పొలుసుల్లాంటి మెరుపు కనిపిస్తే అది సి-రకం. రిబ్బులకూ, బల్లపరుపు తోకకూ అదే కావాలి, ఎందుకంటే అది మెలిక తిరగదు. సి-రకాన్ని స్టిక్‌కు వాడితే మాత్రం దిగేటప్పుడు తగిలే మొదటి దెబ్బకే విరుగుతుంది.

వెదురు ఉండగా ఇంత దూరం నుంచి కట్టె తెప్పించడమెందుకని అడిగేవాళ్లుంటారు. ఏటూరునాగారం అడవుల వెదురుకు బలంలో వంక పెట్టలేం. కానీ లెక్క చూడండి. 1 మి.మీ. చదరం వెదురు పుల్ల, రెండున్నర మి.మీ. చదరం బాల్సా పుల్ల, రెండూ దాదాపు ఒకే బరువు. వంగకుండా నిలబడే శక్తి మందంతో పాటు చాలా వేగంగా పెరుగుతుంది గనుక, అదే బరువులో బాల్సా పుల్ల వెదురుకన్నా ఎన్నో రెట్లు బిర్రుగా ఉంటుంది. వెదురు విరగదు గానీ వంగుతుంది, రెక్కకు వంగడమే శత్రువు. కాబట్టి వెదురును దాని పనికి వాడుకోవాలి: రెక్క కొసల వంపులకు, రబ్బరు బ్యాండ్లు తగిలించే పుల్లలకు, చక్రాలు పెడితే వాటి కాళ్లకు. మేదరివాళ్ల దగ్గర దొరికే పచ్చి బద్దను సన్నగా చీల్చి, దీపం మీద వెచ్చబెట్టి వంచితే చల్లారాక ఆ వంపు అలాగే నిలుస్తుంది. జొన్నబెండు బాల్సాకన్నా తేలికే, కానీ దానికి నారబలం లేదు. బొమ్మబండికి సరిపోతుంది గానీ విమానానికి పనికిరాదు.

రెక్క

వెడల్పు 9 సెం.మీ., పొడవు 45. ముందు అంచుకు 3 మి.మీ. చదరం పుల్ల, వెనక అంచుకు 1.6 × 6 మి.మీ. పట్టీ. నాలుగున్నర సెంటీమీటర్లకో రిబ్బు చొప్పున 11, నడిమధ్యన జంట కాబట్టి మొత్తం 12. రిబ్బులను ఒక్కొక్కటిగా గీసి కోయకండి. దళసరి అట్టతోనో అల్యూమినియం రేకుతోనో ఒకే ఒక వంపు అచ్చు చేసుకోండి. వంపు అత్యంత ఎత్తు, ముందు అంచు నుంచి 3 నుంచి 4 సెం.మీ. దూరంలో, 5.5 మి.మీ. ఉండాలి. 1.6 మి.మీ. షీటు మీద అచ్చు పెట్టి కోసి, అచ్చును 3 మి.మీ. కిందికి జరిపి మళ్లీ కోయండి. ముక్కలు ముక్కలుగా ఒకే వంపు రిబ్బులు వస్తాయి. నార రిబ్బు పొడవునా పోవాలి, అడ్డంగా కాదు.

నమూనా కాగితాన్ని మెత్తటి నోటీసు బోర్డు మీద పరిచి, పైన పాలిథిన్ కప్పి, గుండుపిన్నులతో పుల్లల పక్కన గుచ్చి కట్టాలి. పిన్నును పుల్లలోంచే గుచ్చితే ఆ చోటే రేపు విరిగే చోటవుతుంది. జిగురుకు ఫెవికాల్‌లో కొంచెం నీళ్లు కలిపి, అగ్గిపుల్ల మొనతో చుక్క పెడితే చాలు. అతుకు చుట్టూ తెల్లగా కుప్ప కట్టిందంటే అది ఉత్త బరువు. ఫెవిక్విక్ తొందరగా అంటుకుంటుంది కానీ బాల్సా దాన్ని పీల్చేసుకుని గాజులా పెళుసవుతుంది. మైదానంలో విరిగిన చోట అతకడానికి మాత్రం దాన్ని జేబులో పెట్టుకోండి.

ఎండాక మధ్యలో కోసి, ఒక సగాన్ని బోర్డు మీద బల్లపరుపుగా ఉంచి, రెండో సగం కొసను 8 సెం.మీ. పైకి లేపి అతకాలి. ఇదే డైహెడ్రల్, ఇటూ అటూ పంచుకుంటే కొసకు 4 సెం.మీ. వస్తుంది. తగ్గించి కడితే చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ గాలికి పక్కకు ఒరిగిన మోడల్ తిరిగి లేవదు. దీన్ని సరిచేసే పైలట్ లోపల లేడని మరవొద్దు. మధ్య అతుకుకు వెనకా ముందూ చిన్న త్రికోణపు ముక్కలు అంటించండి, రెక్క విరిగేది ముందు అక్కడే.

కాగితం, తేమ

ఇది మన వాతావరణంలో మోడళ్లను చెడగొట్టే అసలు చోటు, అందుకే ఇక్కడ నిదానంగా ఉండండి.

చదరపు మీటరుకు 12, 13 గ్రాములుండే టిష్యూ కాగితం రెక్క మొత్తానికి అర గ్రాములో సరిపోతుంది. గాలిపటాల కాగితం కొంటే ముందు తూచండి. 50 × 75 సెం.మీ. కాగితం ఏడున్నర గ్రాములుంటే అది చదరపు మీటరుకు 20 గ్రాములన్నమాట, అంతకు మించితే వద్దు. కాగితానికీ నార ఉంటుంది. ఒక మూల చింపి చూడండి, తిన్నగా చిరిగే దిక్కే నార. ఆ దిక్కు రెక్క పొడవునా ఉండాలి, అడ్డం పెడితే రిబ్బుల మధ్య గుంటలు పడతాయి.

ఈ రెక్కకు పైన మాత్రమే కాగితం వేస్తే చాలు. గ్లూ స్టిక్‌తోనో, సగానికి సగం నీళ్లు కలిపిన ఫెవికాల్‌తోనో అంచులకూ రిబ్బులకూ అంటించండి. సగం రెక్కకు ఒక ముక్క చొప్పున వేయండి, ఒకే ముక్కతో మధ్య మడత దాటించబోతే ముడత తప్పదు. తర్వాత సన్నటి నీటి తుంపర కొట్టాలి. తడి ఆరుతూ కాగితం బిగుసుకుంటుంది, ఆ బిగువుకు రెక్క మెలిక తిరుగుతుంది. అందుకే తుంపర కొట్టగానే ఆ సగం రెక్కను బోర్డు మీద పిన్నులతో పట్టి ఉంచి, పూర్తిగా ఆరాకే విప్పాలి. కనీసం రెండు గంటలు, వానాకాలమైతే రాత్రంతా.

ఆ పైన డోపు, అంటే కాగితం మీద వేసే పలుచని లక్కర్ పూత. హార్డ్‌వేర్ దుకాణంలో ఫర్నిచర్‌కు అమ్మే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) క్లియర్ లక్కర్ ఇక్కడ అక్కరకొస్తుంది. ఒక పాలు లక్కర్‌కు రెండు పాళ్లు థిన్నర్, ఆ మిశ్రమం 50 మి.లీ.కి ఒక మిల్లీలీటరు ఆముదం. ఆముదం ఎందుకంటే, ఉత్త లక్కర్ నెలల తరబడి బిగుసుకుంటూనే ఉంటుంది. మార్చిలో తిన్నగా ఉన్న రెక్క మే నెలకు పచ్చడి బద్దలా వంకర పోతుంది. ఆముదం ఆ పొరను మెత్తగా ఉంచుతుంది. ఒక్క పూత చాలు. కిటికీలు తెరిచి, వంటింటి పొయ్యికి దూరంగా వేయండి, ఆ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

జూలై నుంచి సెప్టెంబరు దాకా కట్టేవాళ్లు కాగితం మానేసి, చాలా పలుచని పాలిథిన్ పొరను స్ప్రే జిగురుతో అంటించుకోవచ్చు. అది బిగుసుకోదు, రెక్కకు బిర్రు కూడా ఇవ్వదు. కానీ తేమకు వదులవదు, ఎండకు లాక్కోదు. అందం తక్కువైనా ముసురు పట్టిన వారంలో ఎగిరేది అదే.

తోక అడ్డం 18 సెం.మీ., వెడల్పు 7, సన్న పుల్లల చట్రం మీద కాగితం. నిలువు తోక 8 సెం.మీ. ఎత్తు, 6 వెడల్పు, 0.8 మి.మీ. షీటు ముక్క. వెనక ప్రతి గ్రాము బరువుకూ ముక్కు దగ్గర సమతూకానికి రెండు గ్రాములకు పైగా మట్టి పెట్టాల్సి వస్తుంది, కాబట్టి తోకలో జిగురు కూడా లెక్కపెట్టి పెట్టండి.

స్టిక్, ముక్కు

3 × 9.5 మి.మీ., 48 సెం.మీ. పొడవు, గట్టి కట్టె. వెడల్పు మొహం నిలువుగా ఉండాలి, రబ్బరు లాగే దిక్కు అది. ప్రొపెల్లర్ 15 సెం.మీ. ప్లాస్టిక్‌ది, బేరింగ్‌తో సహా కొనుక్కోవడమే సులువు. ఇరుసుకూ బేరింగుకూ మధ్య చిన్న నున్నటి పూస ఒకటి ఉందో లేదో చూడండి. లేకపోతే రబ్బరు బిగువంతా రాపిడికే పోతుంది.

బేరింగ్‌ను తిన్నగా అంటించకూడదు. మొన 3 డిగ్రీలు కిందికి, వెనక నుంచి చూస్తే 2 డిగ్రీలు కుడికి చూడాలి. బేరింగుకూ స్టిక్‌కూ మధ్య ఒక పక్కన సన్న బాల్సా చీలిక దూర్చితే ఆ కోణం వస్తుంది. చుట్లు నిండుగా ఉన్న మొదటి కొన్ని సెకన్లలో ప్రొపెల్లర్ విపరీతంగా లాగుతుంది, ఆ లాగుడుకు ముక్కు పైకెత్తుకుపోకుండా ఆపేది ఈ కిందిచూపే.

వెనక కొక్కెం ప్రొపెల్లర్ కొక్కెం నుంచి 28 సెం.మీ. దూరంలో, 0.8 మి.మీ. ఉక్కు తీగతో. స్టిక్‌కు దారం చుట్టి ఫెవికాల్ పూయండి. రాగి తీగ మాత్రం వద్దు, రాగి తగిలిన రబ్బరు త్వరగా పాడవుతుంది. కొక్కేలకు కరెంటు వైరు తొడుగు ముక్క ఎక్కిస్తే తీగ రబ్బరును కోయదు.

రెక్క ముందు అంచు ముక్కు నుంచి 10 సెం.మీ. దగ్గర మొదలు కావాలి. అంటించేయకండి, రెండు చిన్న బాల్సా దిమ్మెల మీద పెట్టి రబ్బరు బ్యాండుతో కట్టండి, ముందుకూ వెనక్కూ జరపగలగాలి. ముందు దిమ్మె వెనకదానికన్నా 3 మి.మీ. ఎత్తుండాలి. రెక్కకు తోకకన్నా ఎక్కువ కోణం ఇచ్చి నిలకడ తెచ్చే ఈ ఉపాయాన్ని ఫ్రెంచివాడు అల్ఫోన్స్ పెనో 1871లోనే పారిస్‌లో, మెలిపెట్టిన రబ్బరుతో 11 సెకన్లు ఎగిరిన చిన్న మోడల్‌తో చూపించాడు. రైట్ సోదరులకు 32 ఏళ్ల ముందు మాట అది.

రబ్బరు

ఆఫీసు రబ్బరు బ్యాండ్లను ముడేసుకుంటూ పోతే ప్రతి ముడీ ఒక బలహీనతే. సైకిల్ ట్యూబు ఎక్కువగా బ్యూటైల్ రబ్బరు, లాగిన శక్తిని తిరిగివ్వడంలో పిసినారి. గులేరు రబ్బరు ఒకటి రెండు ప్రయత్నాలకు నడుస్తుంది గానీ అది మరీ మందం. మోడళ్ల కోసమే చేసే సహజ రబ్బరు పట్టీ తెప్పించుకోండి, వాటిలో పేరున్నది టాన్ సూపర్ స్పోర్ట్. 3 మి.మీ. వెడల్పుది మీటరుకు సుమారు 3 గ్రాములు తూగుతుంది.

80 సెం.మీ. ముక్క కోసి, కొసలు తడిచేసి ముడి వేస్తే 38 సెం.మీ. పొడవు ఉచ్చు వస్తుంది. కొక్కేల మధ్య దూరం 28 కదా, రబ్బరు వేలాడుతుందేమని కంగారు వద్దు. పొడవు ఎక్కువుంటే చుట్లు ఎక్కువ పడతాయి, ప్రొపెల్లర్ ఎక్కువసేపు తిరుగుతుంది. ముడి వెనక కొక్కెం వైపు ఉండాలి.

ముడి వేశాకే నూనె. మళ్లీ ఆముదమే, రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని రబ్బరంతా రుద్దండి. కొబ్బరినూనె, వేరుశనగ నూనె వద్దు, అవి రబ్బరును ఉబ్బిస్తాయి. కిరోసిన్, ఇంజిన్ ఆయిల్ మరీ దారుణం. ఆముదం సహజ రబ్బరుతో స్నేహంగా ఉంటుంది. నూనె లేకుండా చుడితే పోగులు ఒకదానికొకటి రాసుకుని, చుట్లు ఒకచోట గుత్తులుగా పడి, సగంలోనే తెగుతుంది.

కొత్త రబ్బరుకు నిండా చుట్లు వేయొద్దు. మొదట 200, వదిలేసి 400, వదిలేసి 600. రబ్బరు కాస్త సాగి దారికొస్తుంది. మంచి పట్టీ అయితే ఈ ఉచ్చుకు సెంటీమీటరుకు 20 చుట్ల చొప్పున 750 దాకా పెట్టొచ్చు. అయితే ఒక్కో కట్ట రబ్బరు ఒక్కోలా ఉంటుంది. నమ్మకమైన పద్ధతి ఒకటే: ఒక ఉచ్చును బలి ఇచ్చి, లెక్కపెడుతూ తెగేదాకా చుట్టండి. ఆ అంకెలో 80 శాతం మీ హద్దు. రబ్బరు వెడల్పు పెంచితే చుట్లు తగ్గుతాయి. 4.8 మి.మీ. పట్టీకి అదే పొడవులో సెంటీమీటరుకు 16 దగ్గర ఆగాలి. అది బలంగా పైకి తీసుకుపోతుంది కానీ ఒకటిన్నర గ్రాము బరువు పెంచుతుంది, మెలికా బలంగానే పెడుతుంది. ట్రిమ్ (మోడల్ సరిగ్గా ఎగిరేలా చేసే సర్దుబాటు) కుదరకముందు దాని జోలికి పోవద్దు.

ప్రొపెల్లర్‌ను వేలితో తిప్పుతూ 750 చుట్టడం వృథా శ్రమ. వడ్రంగి వాడే చేతి డ్రిల్లుకు తీగ కొక్కెం బిగించండి. పిడి ఒకసారి తిప్పితే కొక్కెం ఎన్నిసార్లు తిరుగుతుందో చూసుకోండి. 4 అయితే 750 చుట్లకు 187 తిప్పులు. ఒకరు ముక్కునూ ప్రొపెల్లర్‌నూ కలిపి గట్టిగా పట్టుకోవాలి. రబ్బరు వెనక కొసను కొక్కెం నుంచి విప్పి, డ్రిల్లుకు తగిలించి, ఒకటిన్నర మీటరు దాకా లాగి, అలా లాగి ఉండగానే సగం చుట్లు వేయాలి. మిగతా సగం వేస్తూ మెల్లగా ముందుకు నడిచి రావాలి. లాగకుండా చుడితే ఇందులో సగం కూడా పట్టదు, పట్టినవీ సమంగా పరుచుకోవు. పైలం, తెగిన రబ్బరు కొరడాలా కొడుతుంది. చుట్టేవాళ్లకూ పట్టుకున్నవాళ్లకూ ఇద్దరికీ కళ్లద్దాలుండాలి, పిల్లలైతే మరీ.

చుట్టిన రబ్బరును అలాగే పెట్టి కబుర్లలో పడితే బలం కారిపోతుంది. చుట్టగానే వదలాలి. పనయ్యాక రబ్బరును సబ్బునీళ్లలో కడిగి, నీడలో ఆరబెట్టి, జిప్పు సంచిలో చీకట్లో దాచండి. ఎండలో బండి డిక్కీలో ఉంచిన రబ్బరు వారానికే బంకబంకగా అవుతుంది.

ట్రిమ్

ముందుగా రెక్కను కళ్లముందు వెనక నుంచి పెట్టి చూడండి. మెలిక ఉంటే టీ గిన్నె ఆవిరిలో పెట్టి, ఎదురు దిక్కు తిప్పి, చల్లారేదాకా పట్టుకోండి. ఒక్క మెలిక మాత్రం కావాలని పెట్టాలి: ఎడమ రెక్క కొసన వెనక అంచు 2 మి.మీ. కిందికి. ప్రొపెల్లర్ మెలికకు మోడల్ ఎడమకు ఒరుగుతూ తిరుగుతుంది, ఆ పక్క రెక్కకు కాస్త ఎక్కువ ఎత్తుబలం ఇస్తే ఆ తిరుగుడు గిరికీలు కొట్టే డైవుగా మారదు.

రబ్బరు తగిలించి, చుట్లు లేకుండా, రెక్క వెడల్పులో సగం దగ్గర, అంటే ముందు అంచు నుంచి నాలుగున్నర సెం.మీ. దగ్గర, రెండు వేళ్ల మీద నిలపండి. సమంగా నిలవాలి. తర్వాత గడ్డి ఉన్న చోట, భుజం ఎత్తు నుంచి, ముక్కు కొంచెం కిందికి పెట్టి, విసరకుండా చేతిలోంచి జారవిడిచినట్టు తోయండి. పది అడుగులో పదిహేను అడుగులో తిన్నగా జారాలి. పైకెత్తి, ఆగి, ముక్కు వాలిందంటే (దీన్నే స్టాల్ అంటారు) రెక్కను 3 మి.మీ. వెనక్కి జరపండి. రాయిలా కిందికి పోతే ముందుకు జరపండి. ఒకసారికి ఒక్క మార్పే.

ఈ జారుడు, అంటే గ్లైడ్, కుదిరాకే 150 చుట్లు. ఇక్కడి నుంచి రెక్కను ముట్టుకోవద్దు. గ్లైడ్ బాగుండి, ప్రొపెల్లర్ తిరిగేటప్పుడు మాత్రమే స్టాల్ అవుతుంటే తప్పు రెక్కది కాదు, ముక్కు కిందిచూపు చాలలేదు. ఎడమకు ముక్కు వాల్చి గుండ్రంగా పడుతుంటే కుడిచూపు ఇంకొక డిగ్రీ పెంచండి. చాలామంది ఇక్కడే తప్పు చేసి, ప్రొపెల్లర్ సమస్యకు ముక్కు మీద మట్టి పెడతారు. దాంతో చుట్లు అయిపోయాక గ్లైడ్ చెడుతుంది. 150 కుదిరితే 300, తర్వాత 500. చక్కగా కుదిరిన మోడల్ 750 చుట్లకు 40 సెకన్లు దాటుతుంది.

ఎక్కడ, ఎప్పుడు

హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు లాంటి విశాలమైన చోటు కావాలి, అదీ వాకింగుకు, క్రికెట్‌కు జనం నిండకముందే. మామునూరు పాత రన్‌వే మీద ఆశ పెట్టుకోవద్దు, అది విమానాశ్రయ స్థలం. పంట కోసిన చేలు అన్నిటికన్నా మంచివి, రైతును అడిగి దిగండి. పత్తి చేలో మాత్రం వద్దు, కట్టె మొదళ్లకు రెక్క కాగితం చిరుగుతుంది.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దుగాల ఆరుకు మొదలుపెట్టి ఏడుంపావుకు ముగించాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎనిమిదిన్నర వరకు వీలుంటుంది కానీ గడ్డి మీద మంచు ఉంటుంది. తడిసిన కాగితం వదులైతే ఆ రోజుకు ఆపి, పిన్నులు గుచ్చి ఆరబెట్టుకోవాలి. గాలి చూడటానికి చిటికెడు దూది పింజ చాలు. వదిలితే కిందికి మెల్లగా దిగాలి. పక్కకు కొట్టుకుపోతే ఆగండి. పైకి పోతే థర్మల్, అంటే పైకి లేచే వేడిగాలి, మొదలైందని అర్థం. గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతున్నా అదే సూచన. అప్పుడు నిండు చుట్లు వేస్తే మోడల్ మళ్లీ కనిపించకపోవచ్చు, 300 దగ్గర ఆగండి.

థర్మల్‌లోంచి దింపడానికి తోకను పైకి లేపే ఏర్పాటు ఒకటుంది, దాన్ని కాలే వత్తితో నడిపించే పాత పద్ధతి గురించి ఎక్కడైనా చదివి అగరుబత్తితో ప్రయత్నించొద్దు. ఎండాకాలంలో మన చేలల్లో వరి కొయ్యకాలు నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటాయి. మోడల్ మీద ఫోన్ నంబరు రాసుకోండి, అది పోయిన దిక్కున దూరంగా కనిపించే ఒక చెట్టునో కరెంటు స్తంభాన్నో గుర్తు పెట్టుకుని, చూపు తిప్పకుండా తిన్నగా నడవండి.